పసుపుతో కడిగిన ముక్క

నొప్పి లేని గడ్డను నమ్మకండి. నొప్పి ఉన్న గడ్డ ఎంతో నయం, అది మనల్ని దవాఖానా దాకా తరుముతుంది. నొప్పి లేనిది పిలవని చుట్టంలా వచ్చి, వారం ఉండి పోతుందిలే అనుకుంటే ఏడాది తిష్ఠ వేస్తుంది. నా ఎడమ పాదం మీద లేచింది అలాంటిదే. నాకు నోరు ఎక్కువని మా వాడకట్టు మొత్తానికి తెలుసు. ఆ నోటిని ఈసారి నలుగురికి పనికొచ్చేలా వాడదామని ఇది రాస్తున్నాను. రాస్తుంటే నాకూ కాస్త గుండె కుదుటపడుతోంది, దాచడం ఎందుకు.

రెండువేల నాలుగు, వానాకాలం

భద్రాచలం దాటాక అడవిలో ఉన్న ఒక కోయ గూడెంలో నేను టీచర్ని. మా ఆయన దానియేలు సారపాకలో కాగితం మిల్లుకు వచ్చే వెదురు లారీల దగ్గర సూపర్‌వైజరు, కాంట్రాక్టు ఉద్యోగం. ఇల్లు సారపాకలోనే, కిరాయికి. నేను బస్సు దిగాక వాగు దాటి బడికి నడవాలి. వానలు పడితే చెప్పులు కాళ్ళకు ఉండవు, చేతిలో ఉంటాయి. బురద చెప్పుల్ని వదలదు కదా. ముళ్ళు దిగుతాయి, వెదురు పేళ్ళు దిగుతాయి, పిన్నీసుతో తీసి పారేసి పాఠం మొదలుపెడతాం. అక్కడ పనిచేసే టీచర్లలో ముల్లు దిగని పాదం ఉంటే నాకు చూపించండి.

దసరా సెలవులకు పాదం మీద చింతగింజంత గడ్డ కనిపించింది. క్రిస్మస్‌కు నిమ్మకాయంత అయింది. చెప్పు పట్టీ ఒరుసుకుంటుంటే బ్లేడుతో పట్టీ కోసుకున్నాను తప్ప, డాక్టరుకు చూపించలేదు.

"చూపించుకోరాదే, గింతగనం లేసింది" అనేవాడు మా ఆయన.

"నొస్తలేదు, గుంజుతలేదు. ఏమని చూపియ్యాలె? మంచిగున్నదని చెప్పి రావాల్నా?" అనేదాన్ని.

నాతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. అందుకే అంత దాకా వచ్చింది.

రెండువేల ఐదు, ఎండాకాలం

బడులకు సెలవులు ఇచ్చే సరికి పాదం చెప్పులో పట్టడం మానేసింది. చర్మం నల్లబడి గట్టిగా, చెక్క ముట్టుకున్నట్టు ఉంది. అప్పుడు వెళ్ళాం భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాకు. డాక్టరు ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. అంతసేపు చూస్తున్నాడంటేనే నాకు అర్థమైపోయింది.

"గడ్డ చెడ్డది కావచ్చు టీచరమ్మా. ఎముక కూడా పాడైనట్టు కనపడుతున్నది. ముక్క తీసి పరీక్షకు పంపితే గాని చెప్పలేం."

"చెడ్డదంటే ఏంది సార్? పేరు చెప్పండి."

చెప్పాడు. క్యాన్సర్. ఆ మాట విన్నాక మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నేను మాత్రం, నా బుద్ధి ఎట్లాంటిదో చూడండి, సెలవుల తర్వాత నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు ఎవరు చెబుతారా అని ఆలోచించాను.

శనివారం మత్తు సూది ఇచ్చి పైనుంచి చిన్న ముక్క తీశారు. దాన్ని ఘాటు వాసన వచ్చే నీళ్ళున్న సీసాలో వేసి, మూతకు ప్లాస్టరు చుట్టి, మా వదిన చేతిలో పెట్టారు. మా దిక్కున పద్ధతి ఇదే. కోసేది దవాఖానా, మోసేది చుట్టాలు. ముక్కను ఖమ్మంలో ల్యాబుకు చేర్చే బాధ్యత రోగి ఇంటివాళ్ళదే.

మా వదిన ఎస్తేరు, అంటే మా ఆయనకు అక్క, ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటుంది. నాకు తోడుగా వచ్చి ఆ సాయంత్రమే ఇంటికి బయల్దేరింది. ఆమె శుభ్రత గురించి చెప్పాలంటే, ఆమె వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు తాకాలన్నా చేతులు కడుక్కోవాలి. మనసు మాత్రం వెన్న. "సీసా నాకియ్యండి. సోమవారం పొద్దుగాలనే ల్యాబుల ఇస్త" అంది.

బస్సులో మూత కారింది. ఘాటుకు ముందు సీట్లో ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని "ఏందమ్మా ఆ కంపు, బయట పారెయ్" అని గోల చేశారట. వదిన చీర కొంగులో చుట్టుకుని కొత్తగూడెం దాకా నిలబడే వచ్చింది. ఇంటికి చేరి మూత తీసేసరికి ఆ నీళ్ళు అడుగంటి ఉన్నాయి. ఎండాకాలం. ఆదివారం ల్యాబు మూత. మాంసం ముక్క చెడిపోకుండా ఏం చేయాలో మా వదినకు ఎవరైనా చెప్పాలా? ఉప్పూ పసుపూ వేసి రెండుసార్లు కడిగింది. కాచి చల్లార్చిన నీళ్ళలో వేసి, ఉడకబెట్టి ఆరబెట్టిన పచ్చడి సీసాలో పెట్టింది. ఆ సీసాను ఫ్రిజ్‌లో పైన మంచుగడ్డల అరలో ఉంచింది. దానికి చోటు కోసం ప్రార్థన కూడికకు తెచ్చిన మాంసాన్ని పక్కింటి ఫ్రిజ్‌కు పంపింది కూడా. సోమవారం తలుపులు తీయకముందే ల్యాబు మెట్ల మీద కూర్చుంది.

ఇదంతా మాకు అప్పుడు తెలియదు.

ఖమ్మం

కుట్లు కాస్త ఆరాక నన్ను వదిన ఇంటికి తీసుకెళ్ళారు, ఖమ్మంలో పెద్ద ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరుకు చూపించాలని. ఆయన గది ముందు బల్లలన్నీ నిండి ఉన్నాయి. కాలు వేలాడదీస్తే బరువెక్కుతోంది. నా పక్కన ముదిగొండ దిక్కు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. వాళ్ళాయనకు గొంతులో గడ్డ. ఆయన మాట్లాడడం లేదు, తల మాత్రం ఊపుతున్నాడు. ఆవిడ నన్ను చూసి, తన బట్టల మూటను జరిపి నా ముందు పెట్టింది.

"కాలు దీని మీద పెట్టుకో చెల్లె."

"వద్దక్కా, మీ బట్టలు గదా."

"ఈయన ధోతులే. మెత్తగుంటయ్. పెట్టుకో."

ఆయన కూడా పెట్టుకోమన్నట్టు తల ఊపాడు. పొద్దంతా నా కాలు ఆయన ధోతుల మీదే ఉంది. వాళ్ళ పేర్లు అడగలేదు. ఆయనకు తర్వాత ఏమైందో తెలియదు. ఇప్పటికీ ప్రార్థనలో ఆ గొంతు గుర్తొస్తుంది.

ఎముకల డాక్టరు మంచివాడు. మెల్లగా, తొందర లేకుండా మాట్లాడాడు. మెల్లగా మాట్లాడుతూనే చెప్పవలసింది చెప్పాడు. ఎముక చెదలు తిన్నట్టు ఉందట. క్యాన్సరే అయితే పాదం ఉంచి లాభం లేదట, మోకాలి కింది దాకా తీసేయాలట. ఎంత జల్దీ తీస్తే ప్రాణానికి అంత మంచిదట. శుక్రవారానికి బెడ్డు చెప్పి, ఈలోగా ముక్క రిపోర్టు తెచ్చుకోమన్నాడు.

బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాక నా చెప్పుల వైపు చూసుకున్నాను. కాలు తీసేస్తే ఒక చెప్పు ఏం చేసుకోవాలి? జతలో ఒక్కటి అమ్ముతారా? వాగు ఎలా దాటాలి? నవ్వొచ్చింది, అంతలోనే ఏడుపొచ్చింది. ఆటో అతను అద్దంలోంచి చూసి పాటలు ఆపేశాడు పాపం.

మా ఆయన రిపోర్టు కోసం ల్యాబుకు వెళ్ళాడు. బస్టాండు వెనక సందులో మేడమీద ఉంటుందది. అక్కడ ముక్కలను చూసే డాక్టరమ్మ లోపలి గదిలో మైక్రోస్కోపు ముందే ఉంటుందట, బయటివాళ్ళకు కనపడదట. మా ఆయన పేరు చెప్పగానే ఆమే లేచి బయటికి వచ్చింది. చేతిలో పచ్చడి సీసా.

"ఎవరండీ దీన్ని కూర వండబోయింది?"

ముక్క పసుపు పచ్చగా ఉందట. మంచులో గడ్డకట్టి, కరిగి, లోపల అంతా చితికిపోయిందట. అద్దం మీద పెడితే ఏ కణం ఏదో గుర్తుపట్టే వీలు లేదట. క్యాన్సరనీ రాయలేదు, కాదనీ రాయలేదు. పరీక్షకు పనికిరాదని రాసి ఇచ్చింది. ఏ డాక్టరు చూస్తున్నాడో, ఆపరేషన్ ఎప్పుడో మాత్రం మా ఆయనను అడిగి రాసుకుందట.

ఆ సాయంత్రం ఖానాపురం హవేలిలో జరిగిన లొల్లి వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. మా ఆయన ఎన్నడూ అక్క ముందు గొంతు పెంచని మనిషి.

"నీకెవరు కడగమన్నరక్కా? పసుపెవరు ఎయ్యమన్నరు? ఆ కంపు నీళ్ళు ఊరికెనే పోస్తరా వాళ్ళు?"

"చెడిపోతదనుకున్న తమ్మీ. ఎండలు గిట్ల కొడుతున్నయ్... నాకేం తెల్వది..." వదిన గోడ వైపు తిరిగి ఏడ్చింది.

నేనూ ఊరుకోలేదు. "నా కాలు నీకు మటన్ లెక్క కనవడ్డదా వదినా" అనేశాను. ఆ మాటకు ఆమె ఏడుపు ఆగిపోయింది. చెంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, నా కోసం జావ కాచింది. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. మా ఆయన రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. ఆమె వండింది తింటూనే మాట్లాడలేదు, అదింకా అన్యాయం.

అసలు భయం మరొకటి. ముక్క పాడైందని చెబితే ఎముకల డాక్టరు, "ఎక్స్‌రే చూస్తే క్యాన్సరే అనిపిస్తున్నది. మళ్ళీ ముక్క, మళ్ళీ రిపోర్టు అంటే ఆలస్యమవుతది. అది పైకి పాకితే ప్రాణం మీదికొస్తది" అన్నాడు. ఆపరేషన్ శుక్రవారమే ఉంచాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ప్రాణం ముందా, పాదం ముందా అంటే ఎవరైనా ఏమంటారు? నేను సరే అన్నాను. మా ఆయన సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాడు.

మరునాడు పొద్దున ఆ డాక్టరే మమ్మల్ని పిలిపించాడు. మొహంలో కాస్త నవ్వు, కాస్త ఇబ్బంది.

"ల్యాబు డాక్టరమ్మ నాకు ఫోన్ చేసి కొట్లాడిందమ్మా" అన్నాడు. "ముక్క చూడకుండ కాలు తీయొద్దంటున్నది. ఏమన్నదో తెలుసా? 'కాలు తీసినంక ఎట్లాగూ ఆ కాలును నా దగ్గరికే పంపిస్తరు. అప్పుడు నేను క్యాన్సర్ కాదని రాస్తే, ఆ కాగితం ఆమె ఏం చేసుకోవాలె?' అన్నది. ఈసారి లోతుకు పోయి తీద్దాం."

నన్ను ఎన్నడూ చూడని మనిషి. నా పేరు కూడా సీసా మీద చదివి ఉంటుంది, అంతే. నా కాలి కోసం ఒక డాక్టరుతో తగువు పడింది. ఆ మాట విన్నాక నేను మా ఆయన జేబులోంచి ఆ సంతకం పెన్ను తీసి నా సంచిలో వేసుకున్నాను.

శుక్రవారం, కాలు తీయడానికి చెప్పి ఉంచిన బెడ్డు మీదే రెండో ముక్క తీశారు. ఈసారి ఎముక దగ్గరి దాకా వెళ్ళారు, మత్తు దిగాక చుక్కలు కనిపించాయి. డాక్టరమ్మ రెండు సీసాలు అడిగింది. ఒకదాంట్లో ఆ ఘాటు నీళ్ళు, అద్దం మీద పెట్టి చూడటానికి. రెండోదాంట్లో వట్టి ఉప్పునీళ్ళు, అందులోది క్రిమి ఏమైనా ఉంటే పెంచి చూడటానికట. ఘాటు నీళ్ళలో వేస్తే క్రిమి చచ్చిపోతుందట.

"ఉప్పునీళ్ళు" అన్న మాట విని తలుపు దగ్గర నిలబడ్డ వదిన మొహం వెలిగిపోయింది.

"సూసినవా తమ్మీ! ఉప్పు నేను ఏసిన్నా లేదా?"

"పసుపు అడగలే గదా అక్కా" అన్నాడు మా ఆయన. రెండు రోజుల తర్వాత ఆమెతో అతనన్న మొదటి మాట అది. నాకు కుట్లు గుంజేలా నవ్వొచ్చింది.

సీసాలు తాను పట్టుకెళ్తానని మా ఆయన లేచాడు. నేను వద్దన్నాను. "వదినే పట్టుకపోతది." మా ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ పూట ఈ భూమ్మీద ఆ సీసాలను మా వదిన కంటే భద్రంగా మోసే మనిషి లేదని నాకు తెలుసు. షేరాటోలో ఇద్దరి సీట్లూ తానే తీసుకుని, చేతికొక సీసా పట్టుకుని, తొడకు తగలకుండా ఎత్తి పెట్టి కూర్చుందట. పక్కన ఎవరో ఎక్కబోతే, "ఇక్కడ మా మరదలు కూసున్నది" అందట.

తర్వాత ఎదురుచూపులు. అవి ఎలా ఉంటాయో పడినవాళ్ళకే తెలుస్తుంది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసేవారు. ఒకామె కంటతడితో "ఏది జరిగినా దేవుని చిత్తమే అమ్మా" అంది. నా కాలు దేవునికి ఎందుకమ్మా, ఆయనకు వాగు దాటే పని లేదు కదా అన్నాను. పాస్టరుగారు దగ్గుతూ వేరే వాక్యం తీశారు. వదిన రోజూ ఆ పాదాన్ని గోరువెచ్చని నీళ్ళతో చుట్టూ తుడిచేది, కట్టు తడవకుండా. తుడుస్తూ దానితో మాట్లాడేది. "ఉండు బిడ్డా, యాడికీ పోకు" అని. నాతో కాదు, పాదంతో.

ఒక మధ్యాహ్నం మా ఆయన ల్యాబు నుంచి వచ్చి లోపలికి రాలేదు. గడప మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏందయ్యా? చెప్పు. నేను ఇంటా."

"గాదంట."

"ఏంది గాదు?"

"క్యాన్సర్ గాదంట రూతూ. క్రిమి అంట. మట్టిల ఉంటదంట. ఎన్నడో ముల్లు దిగినప్పుడు లోపలికి పోయి కాపురం పెట్టిందంట. రవ్వలు రవ్వలు కనవడ్డయంట అద్దం కింద." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మందులతోని పోతదంట. కాలు తియ్యద్దంట."

వదిన వంటింట్లోంచి వచ్చి, అతని తల మీద ఒక్కటి మొట్టింది. "గీ ముచ్చట చెప్పనీకి గట్ల మొకం పెట్టి కూసుంటరారా! నా పానం పోయినంత పనైంది!" అని, తనూ అక్కడే కూలబడి ఏడ్చింది.

రెండువేల ఆరు

మైసెటోమా అంటారట దాన్ని. పేరు నాకు నోరు తిరగడానికే నెల పట్టింది. క్యాన్సర్ కాదంటే ఆనందం ఒక పూటే. మందులతో పోతుందన్నారు గాని, పోకపోతే మళ్ళీ కాలి సంగతే ఆలోచించాలన్నారు. కొన్ని వారాలు సూదులు, కొన్నాళ్ళు ఆపడం, మళ్ళీ సూదులు. మధ్యలో పొద్దూ మాపూ పెద్ద పెద్ద మాత్రలు. చెవుల్లో హోరు పుట్టేది, మధ్యమధ్యలో వినికిడి పరీక్ష చేసేవారు. అన్నం చూస్తే వాంతి. ఒకసారి విసుగొచ్చి, "కాలు తీసేసినా పోయేది" అన్నాను. మా ఆయన అన్నం తినడం ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట అనలేదు.

బడికి సెలవు పెట్టాను. గూడెం వాళ్ళు సంతకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. తునికి పండ్లు తెచ్చేవాళ్ళు. ఏమీ అడిగేవాళ్ళు కాదు, కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. ఆ కూర్చోవడమే నాకు ఎంతో బలం.

గడ్డ ఒక్కసారిగా పోలేదు. నెమ్మదిగా మెత్తబడింది, చర్మం నలుపు తేలికపడింది. ఏడాది దాటాక ఒక రోజు పాదం చెప్పులో పట్టింది. ఇప్పటికీ ఎడమ పాదం కాస్త వెడల్పే, చలికాలం సలుపుతుంది. సలిపినా సంతోషమే, ఉంది కాబట్టి సలుపుతోంది.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. సీసాలో వాళ్ళు పోసిన నీళ్ళను మార్చకండి, కారితే దవాఖానాకే తిరిగి వెళ్ళండి. ముక్క చూడకుండా ఎవరైనా కోస్తామంటే, "ఒకసారి చూసి కోయండి సార్" అని అడగండి. అడిగితే కొట్టరు. పొరపాటున మీ ఇంట్లో ఎవరైనా పసుపు వేసి కడిగితే వాళ్ళను మరీ తిట్టకండి. ప్రేమ ఉన్నవాళ్ళే కడుగుతారు.

రెండువేల ఏడు

మందులు ఆపేయమన్న రోజున వదినను తీసుకుని ఆ ల్యాబుకు వెళ్ళాను. మెట్లు నేనే ఎక్కాను. లోపలి గదిలో సన్నటి మనిషి, జుట్టు సగం నెరిసింది, ముక్కు మీద కళ్ళజోడు నొక్కిన గుర్తులు. తల ఎత్తకుండానే, "రిపోర్టులు బయట ఇస్తారమ్మా" అంది.

"రిపోర్టు కోసం కాదమ్మా. నేను సారపాక టీచర్ని. ఎడమ పాదం."

ఆమె తల ఎత్తింది. కాసేపు నన్ను చూసింది, తర్వాత కిందికి చూసింది. కుర్చీలోంచి లేచి బల్ల ఇవతలికి వచ్చింది.

"నా దగ్గరికి మనుషులు రారమ్మా" అంది. "సీసాలొస్తయి. రాసి పంపిస్త. ఆ తర్వాత వాళ్ళకేమైందో నాకెవరూ చెప్పరు."

నేను చెప్పు విడిచి పాదం ముందుకు పెట్టాను. ఆమె వంగి, మచ్చ మీద వేలితో మెల్లగా రాసింది. దండం పెట్టాలనుకుని వెళ్ళినదాన్ని, ఆమె అలా నా కాలి దగ్గర వంగేసరికి కాలు వెనక్కి తీసుకోబోయాను.

ఆమె లేచి, దారిలో ఉన్న స్టూలును పక్కకు జరిపింది.

"ఏదీ, ఒకసారి నడువమ్మా. చూస్తా."

తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడిచాను. వెనక్కి తిరిగి వచ్చాను. గుమ్మంలో వదిన చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకొక్కసారి" అంది.

మళ్ళీ నడిచాను.